ముంజేతి మీద కుళాయి

"అది కుళాయి కాదండీ" అని టైలరమ్మ ఈ మధ్య ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది గానీ చూసేవాళ్ళ కళ్ళు మాత్రం మారలేదు. కోటు కొలతలివ్వడానికొచ్చిన ఒక పెద్దమనిషి, రెండు చేతులూ చాపి బొమ్మలా నిలబడి, తన ఛాతీ చుట్టూ టేపు తిప్పుతున్న ఆవిడ ముంజేతి మీది టాటూ వైపు చూసి, "మీ ఆయన ప్లంబరు కదమ్మా? ఈ రోజుల్లో మొగుడి పని మీద ఇంత అభిమానం ఎవరికుంది చెప్పు" అని మెచ్చుకున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. టేపు ఒక పిసరు బిగించి లాగింది కూడా. ఆ కోటు తర్వాత ఛాతీ దగ్గర బిగుతైందంటే తప్పెవరిదో మీరే చెప్పండి.

అది కుట్టుమిషన్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే సగం కుట్టుమిషన్, సూది ఉన్న వైపు సగం. చక్రం ఉన్న వైపు సగం ఆవిడ చెల్లెలి ముంజేతి మీద ఉండాలి. ఉండాలి గానీ లేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

మిషన్ని నడిమికి కోసి సూది వైపు మాత్రం ఒక చేతి మీద గీస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. పైన లావుపాటి గొట్టం. అది వంగి కిందికి దిగితే ఒక ముక్కు. ఆ ముక్కు చివర సన్నగా సూది. కుళాయే మరి, బొట్టు బొట్టుగా కారే కుళాయి. పొద్దున్నే నిద్రమొహంతో పళ్ళు తోముకుంటూ చూస్తే ఆవిడకే కట్టేయబుద్ధయ్యేంత కుళాయి.

తెలిసీ తెలియని వయసులో ఎవరో చేసిన పనైతే పోనీలే అనుకోవచ్చు. ఈవిడ యాభై దాటిన మనిషి. పైగా జాగ్రత్తకి పెట్టింది పేరు. వీధి వైపు గదిలో దుకాణం, వెనక మూడు గదుల్లో కాపురం. ఆ గదిలో కత్తెర పట్టాలంటే ముందు కొలవాలి, సుద్దతో గీయాలి, మళ్ళీ కొలవాలి, ఆ తర్వాత ఒక గుక్క టీ తాగి ఇంకోసారి కొలవాలి. ఏది కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలిపెడుతుంది. "మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు, చిక్కుతాడు. గుడ్డ వదలకపోతే రేపు ఎవరి మొహం చూసి ఏడుస్తాడు?" అంటుంది. వేరే టైలర్లు నాశనం చేసిన బట్టలు కూడా చివరికి ఈవిడ దగ్గరికే చేరతాయి. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఆ బట్టని తిరగేసి, "ఎవడమ్మా ఈ మహానుభావుడు" అని, దారం దారం ఊడదీసి మళ్ళీ మనిషి వేసుకునేట్టు చేసిపెడుతుంది. ఊడదీయరాని కుట్టు లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇంతకాలం నిబ్బరంగా బతికింది. అలాంటి మనిషి వెళ్ళి వెళ్ళి, ఊడదీయడానికి వీల్లేని ఒకే ఒక్క పని చేసుకొచ్చింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా?

ఎందుకు చేసిందంటే, వాళ్ళమ్మ మిషన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

వాళ్ళమ్మ కూడా టైలరే. ఆ మిషన్ మీదే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెద్ద చేసింది. పెద్దది చిన్నతనంలోనే అమ్మ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఆవిడ వేళ్ళు ఎటు తిరిగితే అటు కళ్ళు తిప్పుతూ పని పట్టేసింది. చిన్నదానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాలేదు. రాలేదని బాధా లేదు. అమ్మ పోయాక సామాను పంచుకోవడానికి కూర్చుంటే గిన్నెలు, మంచాలు, బీరువా అన్నీ ఇట్టే తేలిపోయాయి. మిషన్ దగ్గర బండి ఆగింది.

"అది నాకు కావాలక్కా" అంది చెల్లెలు.

"కుట్టడం రానిదానివి, నీకు మిషనెందుకే? పూలకుండీలు పెట్టుకోడానికా?" అంది టైలరమ్మ. అందరి ముందూ అంది. కొందరు నవ్వారు కూడా.

మిషన్ అక్క ఇంటికి చేరింది. చెల్లెలు ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడలేదు, ఆ ఏడూ మాట్లాడలేదు, ఆ తర్వాత ఐదారేళ్ళు మాట్లాడలేదు. మంచికీ చెడుకీ ఏదైనా చెప్పాల్సి వస్తే బావగారికి ఫోన్ చేసి "అక్కకి చెప్పండి బావా" అనేది. ఆ పక్కనే నిలబడి ఉన్న టైలరమ్మ "నేను విన్నానని చెప్పండి" అనేది. మధ్యలో ఆ ప్లంబరు మహాశయుడు రెండు పైపుల మధ్య జాయింటులా బతికాడు పాపం.

చివరికి కలిపింది కూడా ఆయనే. టైలరమ్మకి చూపు మందగించింది. నల్లగుడ్డ మీద నల్లదారం కనపడక ఒక ప్యాంటుకి జిప్పు తిరగేసి కుట్టింది. "పద, కళ్ళజోడు కొనుక్కుందాం" అని ఆయన ఎక్కడికో బస్సెక్కించి తీసుకుపోయాడు. లోపలికి అడుగుపెట్టాక గానీ ఆవిడకి తెలియలేదు, అది చెల్లెలు పనిచేసే షాపని. చెల్లెలు తెల్లకోటు వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. వెనక్కి తిరిగి పోదామంటే మొగుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఫ్రేములు చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"గడ్డం ఇక్కడ ఆనించండి" అంది చెల్లెలు, ఎవరో దారినపోయే మనిషితో అన్నట్టు. టైలరమ్మ ఆనించింది. "కదలకండి." కదల్లేదు. "అక్షరాలు ఈ అద్దంలో బాగా కనపడుతున్నాయా, ఈ అద్దంలోనా అండీ?"

"రెండింట్లోనూ బాగానే ఉన్నాయి గానీ, నువ్వు ఆ అండీలు ఆపవే" అంది టైలరమ్మ.

చెల్లెలు చేతిలో అద్దం పక్కన పెట్టేసింది. ముందు నవ్వింది, తర్వాత ఇద్దరూ ఏడ్చారు. కళ్ళ పరీక్ష ఇంకో రోజుకి వాయిదా పడింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్లు మొదలయ్యాయి. ఏం వండావు, మోకాలి నొప్పి ఎలా ఉంది, బావ ఏం చేస్తున్నాడు. అన్నీ మాట్లాడుకునేవాళ్ళు గానీ మిషన్ అన్న మాట ఇద్దరి నోటా వచ్చేది కాదు. టైలరమ్మకి అదే భయం. ఈ కలయిక ఆవిడకి కచ్చాకుట్టులా అనిపించింది. అసలు కుట్టు వేసే ముందు గుడ్డ జారకుండా పొడుగు పొడుగు పోగులు వేస్తారే, అది. కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడి చేతిలోకొస్తుంది. దీని మీద ఎలాగైనా గట్టి కుట్టు పడాలి అనుకుంది. పెళ్ళి బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన ఒక జంట చేతుల మీద సగం సగం పక్షి బొమ్మ చూసింది. రెండు చేతులు కలిపితే పక్షికి రెండు రెక్కలూ వచ్చాయి. అంతే, ఆవిడ బుర్రలో బల్బు వెలిగింది. వెలగకుండా ఉంటే ఎంత బాగుండేదో.

"మనిద్దరం అమ్మ మిషన్ వేయించుకుందామే. నాకు సగం, నీకు సగం" అంది ఫోన్లో.

"చూద్దాం అక్కా" అంది చెల్లెలు.

చూద్దాం అంటే సరేనని అర్థమట. ఏ భాషలో అలా అర్థమో టైలరమ్మనే అడగాలి.

బొమ్మ తనే గీసింది. దుకాణంలో మోటారు బల్ల మీద నడుస్తున్న ఆ మిషన్ ఎదురుగానే కూర్చుని, కళ్ళకి కనపడింది కనపడినట్టు గీసింది. తల, సూది, చక్రం, దారం తగిలించే కొక్కెం, ఒక్కటీ మర్చిపోలేదు. తర్వాత ఆ కాగితాన్ని సరిగ్గా నడిమికి మడిచి, గోటితో గీత పెట్టి, చొక్కా ముందు ముక్కలు కత్తిరించినట్టు కత్తెరతో రెండు చేసింది.

టాటూలు వేసే మనిషి బట్టతలాయన, ఆయన చేతుల మీద మాత్రం ఒక్క చుక్క లేదు. "అందరికీ వేస్తావు, నీ ఒంటి మీద ఒక్కటీ లేదేమిటయ్యా?" అని టైలరమ్మ అడిగింది. "నాకు నిలకడ తక్కువమ్మా" అన్నాడు. ఆ మాటకే లేచి రావాల్సింది. రాలేదు. ఆయన రెండు కాగితం ముక్కలూ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇద్దరికీ చిన్నగా మొత్తం బొమ్మ వేస్తానమ్మా. సగం విడిగా చూస్తే ఏమీ అర్థం కాదు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"చొక్కాకి ముందు ముక్కలు రెండుంటాయి బాబూ. విడివిడిగా అవి దేనికీ పనికిరావు. కలిస్తేనే చొక్కా. నాక్కావాల్సింది అదే" అంది ఈవిడ.

టైలరు తప్ప ఇంకొకరు చెయ్యని తప్పు ఇది. ఒక ముక్క చేతిలో ఉంటే రెండో ముక్క బల్ల మీదే ఉంటుందని టైలరుకి ధీమా. ఈ రెండో ముక్కకి కాళ్ళున్నాయి, బస్సెక్కి వెళ్ళిపోగలదు అన్న ఆలోచన ఆవిడకి రానేలేదు.

వెంట వచ్చిన చెల్లెలు ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "నువ్వు ముందు వేయించుకో అక్కా" అంది. టైలరమ్మ కుర్చీలో కూర్చుని పళ్ళు బిగించి చెయ్యి చాపింది. సూది జుయ్యిమని మొదలైంది. మంచినీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళిన చెల్లెలు మళ్ళీ లోపలికి రాలేదు. బొమ్మ పూర్తయి, చేతికి పల్చటి కాగితం చుట్టాక, మొగుడు ఫోన్ చేశాడు. "మీ చెల్లెలికి కళ్ళు తిరిగాయట. ఇంటికెళ్ళిపోయిందట. నీకు చెప్పమంది" అన్నాడు.

మళ్ళీ మధ్యలో ఆయనొచ్చాడు.

ఇక అక్కడి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. మొదట చెయ్యి వాచింది. వాపు తగ్గితే పొట్టు లేచింది. పొట్టుతో పాటు బొమ్మలోని సూది కూడా రాలిపోతుందేమోనని కాసేపు, రాలిపోతే బాగుండునని కాసేపు దిగులు పడింది. బట్టలివ్వడానికొచ్చిన నర్సమ్మకి చూపించి, "ఇది కుళ్ళుతోందా?" అని అడిగింది. "మానుతోందమ్మా" అంది నర్సమ్మ. మానుతోందంటే ఇక ఉండిపోతోందన్నమాటే కదా. ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాత దురద మొదలైంది. మిషన్ మీద కుడుతూ గోకడం, ఇస్త్రీ చేస్తూ గోకడం, కొలతలు తీస్తూ తీస్తూ టేపుతోనే గోకడం.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ కందా నువ్వే, కత్తిపీటా నువ్వే" అన్నాడు మొగుడు.

"మీరు నోరు మూసుకుని అన్నం తినండి" అంది ఆవిడ.

ఆయన నోరు మూసుకునే స్థితిలో లేడు. పైపుల దుకాణం దగ్గర ఎవరు కనపడ్డా, "మా ఆవిడ నా కోసం చేతి మీద కుళాయి వేయించుకుంది" అని చెప్పుకుంటున్నాడు. కాదని ఆవిడ ఎంత మొత్తుకున్నా, "నాకు తెలుసులే, ఉండనీ" అని ముసిముసి నవ్వులు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అంత సంబరపడింది ఇదే మొదటిసారి. దాంతో గట్టిగా తిట్టడానికి కూడా ఆవిడకి నోరు రాలేదు. మింగలేక కక్కలేక చచ్చింది.

నిమ్మకాయ రుద్దింది. ఉప్పు రుద్దింది. బట్టల మరకలు తీసే సబ్బుతో తోమింది. చర్మం ఎర్రబడింది తప్ప కుళాయి మాత్రం నిగనిగలాడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ బట్టతలాయన దగ్గరికి పరిగెత్తింది. యంత్రంతో కాల్చి తీస్తారనీ, చాలాసార్లు తిరగాలనీ, తీసినా సన్నగా నీడ మిగులుతుందనీ ఆయన చెప్పాడు.

"కుట్టు ఊడదీశాక గుడ్డ మీద సూది బెజ్జాలు మిగిలినట్టా?"

"అలాంటిదేనమ్మా."

ఆవిడకి ఇంకేం చెప్పక్కర్లేదు. సూది బెజ్జాల సంగతి ఆవిడ కంటే ఎవరికి తెలుసు? ఇంటికొచ్చి ముంజేతికి గుండీలతో తొడుగు ఒకటి కుట్టుకుని, ఎండైనా ఇస్త్రీ ఆవిరైనా దాన్ని తీయకుండా తిరిగింది. అప్పుడు ఆ తొడుగేమిటని అడగడం మొదలుపెట్టారు జనం. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే.

అయితే నిజం చెప్పాలంటే, ఆవిడని లోపల తినేస్తున్నది కుళాయి కాదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఈ వారం వస్తావా?" అని అడగడం, "చూద్దాం అక్కా" అని అటు నుంచి రావడం. ఒకసారి జలుబు, ఒకసారి షాపులో పని, ఒకసారి ఏ కారణమూ లేదు. మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. ఒకరోజు ఫోన్ ఎత్తలేదు. ఆ రోజు సాయంత్రం ప్లంబరు ఫోన్ మోగింది, "అక్కకి చెప్పండి బావా, తలనొప్పిగా ఉందని." టైలరమ్మ చేతిలో కత్తెర కింద పెట్టేసింది. చేతి మీది బొమ్మ వల్ల చెల్లెలు దగ్గరవుతుందనుకుంటే, ఉన్న కచ్చాకుట్టు కాస్తా ఊడిపోతోంది. మళ్ళీ ఆ ఐదారేళ్ళు మొదలైతే తట్టుకునే ఓపిక తనకి లేదు. ఆ సంగతి ఆవిడకి స్పష్టంగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం తలుపు దగ్గరికేసి, ఎండలో బస్సెక్కి కళ్ళజోళ్ళ షాపుకి పోయింది. భోజనాల వేళ, లోపల చెల్లెలొక్కతే ఉంది. గోడల నిండా ఫ్రేములు, ఫ్రేముల నిండా అద్దాలు, ఎటు చూసినా తన మొహమే కోపంగా కనపడుతోంది. తొడుగు గుండీలు విప్పి చెయ్యి కౌంటరు మీద పెట్టింది.

"చూడవే. సరిగ్గా చూడు. ఏమిటిది?"

చెల్లెలు చూసింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు, ఫక్కుమని నవ్వింది. "కుళాయిలా ఉందక్కా."

"నవ్వు. నువ్వు కూడా నవ్వు. ఊరంతా నవ్వాక నువ్వెందుకు మానాలి? నన్ను సగం మనిషిని చేసి రోడ్డు మీద వదిలేసి మంచినీళ్ళ పేరు చెప్పి పారిపోయావు. సూదంటే భయమైతే ముందే చెప్పి ఏడవచ్చుగా. మత్తుమందు పూస్తాడట, నొప్పి తెలీదు. నేను పక్కన కూర్చుంటాను. ఇంకేం కావాలే నీకు?"

"సూదికి భయం కాదక్కా."

"మరి?"

చెల్లెలు నవ్వడం ఆపేసింది. కౌంటరు మీదున్న మెత్తటి గుడ్డ తీసి ఎవరిదో కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టింది. "నువ్వు గీసిన దాంట్లో అమ్మ లేదు" అంది.

"అమ్మ బొమ్మ ఎవరు గీస్తానన్నారే? నేను గీసింది మిషన్."

"అదే. నీకు మిషనంటే పై భాగం. నువ్వు అమ్మ పక్కన కూర్చునేదానివి. అమ్మ చేతులు చూశావు, మొహం చూశావు, నీతో మాట్లాడేది కూడా. నేనెక్కడుండేదాన్నో నీకు గుర్తుందా?"

టైలరమ్మకి గుర్తు రాలేదు. అమ్మ, మిషను, పక్కన తను. చెల్లెలు ఎక్కడో ఆడుకుంటూ ఉండి ఉంటుందనుకుంది.

"కింద. మిషన్ కింద, గోడ వైపు. నాకు దుప్పటి వేసేది అక్కడ. కాళ్ళ దగ్గరుంటే ఎటూ పోనని. నేను అమ్మని చూసిందంతా అక్కడి నుంచే. రెండు పాదాలు, ఆ ఇనుప పలక మీద పైకీ కిందికీ. ఎడమకాలి బొటనవేలి గోరు సగం ఎప్పుడూ నల్లగా ఉండేది. నీకు తెలుసా?"

"తెలీదు" అంది టైలరమ్మ.

"కోపంగా ఉంటే ఎలా తొక్కుతుందో, ఏడుస్తూ ఉంటే ఎలా తొక్కుతుందో నాకు తెలుసు. ఆ చప్పుడు వింటేనే నాకు నిద్రొచ్చేది. కుట్టడం రానిదానికి మిషనెందుకే అన్నావు, అందరి ముందూ. ఏం చెప్పమంటావు? అమ్మ కాళ్ళ కోసం అని చెప్తే నవ్వేవాళ్ళు కాదా?"

నవ్వేవాళ్ళే. అందరికంటే ముందు తనే నవ్వేది. టైలరమ్మకి ఆ సంగతి తెలుసు.

"మొన్న ఆ కాగితం చూశాను. సూది ఉంది, చక్రం ఉంది, దారం కొక్కెం కూడా ఉంది. కాలి పలక లేదు. అసలు నీకు తోచనే లేదు. నాకు సగం అన్నావు. అందులో నాది ఏ సగం? రెండు సగాలూ నీవే అక్కా."

ఎవరో ముక్కు దగ్గర వదులైన కళ్ళజోడు పట్టుకుని లోపలికొచ్చారు. చెల్లెలు కళ్ళు తుడుచుకుని "చెప్పండి" అని అటు తిరిగింది. టైలరమ్మ తొడుగు గుండీలు కూడా పెట్టుకోకుండా బయటికొచ్చేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చేతి వైపే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎందుకు వేయించుకున్నానా అని ఏడ్చింది. ఇప్పుడు ఆ ఏడుపు పోయి, వేయించుకున్నదాంట్లో అసలుది ఎలా వదిలేశానా అన్న ఏడుపు పట్టుకుంది. మొదటిదే నయం. మొదటి దాంట్లో కనీసం చెల్లెల్ని తిట్టుకోవడానికి వీలుండేది.

కాలి పలక ఎందుకు తోచలేదంటే, ఎదురుగా లేదు కాబట్టి. మోటారు పెట్టించుకున్నప్పుడు మిషన్ తల ఒక్కటే తీసి చెక్కబల్ల మీద బిగించారు. కింది ఇనుప స్టాండు, పెద్ద చక్రం, కాలి పలక ఎవరికీ అక్కర్లేకపోయాయి. మరి అవి ఏమయ్యాయి అనుకుని, ఆవిడ బస్సులోనే నుదురు కొట్టుకుంది. పక్కనున్నావిడ భయపడి కాస్త జరిగి కూర్చుంది.

అవి పెరట్లో ఉన్నాయి. స్టాండు మీద చెక్క పరిచి, దానికి ఒక మూల పైపుని కదలకుండా పట్టే వైసు బిగించి, మొగుడు పైపులు కోసుకునే బల్ల చేసుకున్నాడు. కాలి పలక మీద రబ్బరు వాషర్ల డబ్బా పెట్టాడు. తను రోజూ గిన్నెలు కడిగేది దాని పక్కనే. ఇన్నేళ్ళూ మిషన్ కోసం చెల్లెలితో మాటలు మానుకుని కూర్చుంది, ఆ మిషన్ ఎప్పుడో రెండు ముక్కలైంది. చెల్లెలు అడిగిన ముక్క ఎవరికీ కాకుండా వానకి తడుస్తోంది. ఇంతకంటే తెలివితక్కువతనం ఇంకెక్కడైనా ఉంటుందా చెప్పండి.

"ఏమండీ, ఆ పైపులు తీసేయండి" అంది ఇంట్లోకి వస్తూనే.

"మరి నా బల్ల?"

"మీ బల్ల నా నెత్తిన పెట్టుకుంటాను. ముందు తీయండి."

ఆయన ఆవిడ మొహం చూసి ఇంకేం అడగలేదు. గరుకు కాగితంతో తుప్పు గీకాడు. కీళ్ళలో నూనె పోశాడు. పెద్ద చక్రం చాలాసేపు మొరాయించి, చివరికి కీచుమంటూ తిరిగింది. ఆవిడ కాలి పలక మీద మట్టి తనే కడిగింది. ఇనుప పువ్వుల సందుల్లో ఇరుక్కున్న మురికిని సూదితో తీసింది. సాయంత్రానికి ఒక చిన్న వ్యాను మాట్లాడి, స్టాండు ఎక్కించి, మొగుణ్ణి ముందు కూర్చోబెట్టి, తను వెనక దాన్ని పట్టుకుని కూర్చుంది.

చెల్లెలిది రెండో అంతస్తు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మెట్లెక్కారు. తలుపు తీసిన చెల్లెలు వాళ్ళ మొహాలు చూడలేదు, కిందికి చూసింది. పక్కకి తప్పుకుంది. గోడకి కాస్త ఎడంగా స్టాండు పెట్టారు. ప్లంబరు చెమట తుడుచుకుని, వ్యాను వాడు ఎదురుచూస్తున్నాడని చెప్పి, ఎవరూ అడగకుండానే కిందికి దిగిపోయాడు.

"తప్పు నాదేనే. ఒక్కసారి నువ్వు అడిగి ఉంటే..." అంది టైలరమ్మ.

"అడిగానుగా."

"అడిగావు" అని ఒప్పుకుంది టైలరమ్మ. "అడిగితే అంత మాటన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాన్ని ఊడదీయడం నాకు రావట్లేదు."

చెల్లెలు వంటింట్లోంచి ఒక కుర్చీ తెచ్చి స్టాండు ముందు వేసింది. తను అటువైపు పోయి, గోడకీ స్టాండుకీ మధ్య నేల మీద కూర్చుంది. నలభై దాటిన మనిషి, మోకాళ్ళు ముడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, తల వంచి ఆ చిన్న సందులో ఇరుక్కుంది.

"తొక్కు అక్కా" అంది.

"పైన మిషన్ లేదే పిచ్చిదానా. ఉత్త స్టాండు."

"నాకెప్పుడు కనపడింది గనక."

టైలరమ్మ చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిషన్ ముందు కూర్చున్న మనిషికి ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది. రెండు పాదాలూ ఇనుప పలక మీద పక్కపక్కన ఆనించింది. చల్లగా తగిలింది.

"అలా కాదు" అంది కింది నుంచి చెల్లెలు. "కుడికాలు ఇంకొంచెం ముందుకి. అమ్మ అలా పెట్టేది."

టైలరమ్మ కుడికాలు కొంచెం ముందుకి జరిపి, తొక్కడం మొదలుపెట్టింది.